ముందు గోడ మీద గీత, తర్వాత రాడార్ గన్: ఎదిగే పిల్లల పిచింగ్ వేగాన్ని ఎలా చూసుకోవాలి

శనివారం పొద్దున్న అమెరికాలో పిల్లలు బేస్‌బాల్ ఆడే ఏ లిటిల్ లీగ్ గ్రౌండ్‌కి వెళ్ళినా ఈ జంట కనిపిస్తుంది. బంతి విసిరే మట్టి దిబ్బ, అదే మౌండ్, దాని మీద పన్నెండేళ్ళ కుర్రాడు, అయిదడుగుల ఏడంగుళాల మనిషి, పై పెదవి మీద నూనూగు మీసం. అవతలి జట్టులో బంతి విసిరే పిచ్చర్‌కీ పన్నెండేళ్ళే. నాలుగడుగుల ఎనిమిదంగుళాలు, జెర్సీ మోకాళ్ళ దాకా వేలాడుతూ ఉంటుంది. మొదటివాడి బంతి బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ గ్లవ్‌లో పడితే పార్కింగ్ లాట్ దాకా చప్పుడు. రెండోవాడి అమ్మానాన్నలు మడత కుర్చీల్లో కూర్చుని, మనవాడు ఈ ఆటకి పనికొస్తాడా అని లోపల్లోపల మథనపడుతుంటారు.

ఆ రెండోవాడి అమ్మని నేను. గుంటూరు నుంచి వచ్చి డాలస్ పక్కన స్థిరపడ్డాం. మావారికి క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు, నాకు అదీ అంతంతమాత్రం. మావాడు ఏడేళ్ళప్పుడు బేస్‌బాల్ పట్టుకున్నాడు, ఇప్పుడు పదహారు నిండబోతున్నాయి. మధ్యలో వాడి మోచేయి పాడై మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నవన్నీ ముందే తెలిసుంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మీ పిల్లల వయసు తొమ్మిదికీ పదిహేనుకీ మధ్య ఉంటే, వాడు పిచింగ్ చేస్తుంటే, కింద రాసినవి వరసగా చేసుకుంటూ వెళ్ళండి. నేను డాక్టర్ని కాదు. నొప్పి ఉన్న చేతికి నా సలహా పనికిరాదు, దానికి పిల్లల ఎముకల డాక్టరే కావాలి.

1. నెలకోసారి ఎత్తు కొలవండి

పుట్టినరోజుకి ఒకసారి కొలిస్తే సరిపోదు. పెన్సిలు, గట్టి అట్ట పుస్తకం, టేపు తీసుకోండి. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్న లేవగానే కొలవండి. మనిషి పొద్దున్న కాస్త పొడుగ్గా ఉండి సాయంత్రానికి కొద్దిగా కుదించుకుపోతాడు. అందుకే ఎప్పుడూ ఒకే వేళకి కొలవాలి. చెప్పులు, సాక్సులు లేకుండా మడమలు గోడకి ఆనించి, చూపు నేరుగా ఉంచి నిలబడమనండి. పుస్తకం అంచు గోడకి పూర్తిగా ఆనేలా తల మీద పెట్టి, దాని కింద సన్నటి గీత గీయండి. పక్కన తేదీ వేయండి. మా ఇంట్లో ఆ గీతలన్నీ ప్యాంట్రీ తలుపు చట్రం మీద ఉన్నాయి. రెండేళ్ళ క్రితం ఇంటికి రంగులు వేయించినప్పుడు ఆ ఒక్క చట్రాన్నీ ముట్టుకోవద్దని పెయింటర్‌కి గట్టిగా చెప్పాను.

కొలతలో అర సెంటీమీటరు అటూ ఇటూ పోవడం మామూలే. అందుకని ఒక్క నెల తేడా చూసి కంగారుపడకండి, మూడు నెలల తేడా చూడండి. యుక్తవయసు రాకముందు పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. పెరుగుదల ఊపందుకున్నాక మగపిల్లలు ఏడాదికి 8 నుంచి 10 సెంటీమీటర్ల దాకా సాగుతారు. ఈ ఊపు సగటున పదమూడున్నర, పద్నాలుగేళ్ళ దగ్గర పతాకస్థాయికి చేరుతుంది. కానీ ఒకడికి పన్నెండుకే వస్తుంది, ఇంకొకడికి పదిహేనుకి గానీ రాదు. ఆడపిల్లలకి ఇదంతా దాదాపు రెండేళ్ళు ముందే జరుగుతుంది. మూడు నెలల్లో గీత 2 సెంటీమీటర్లు దాటి పైకి వెళ్ళిందంటే ఊపు మొదలైందనుకోండి.

గోడ కంటే ముందు కబురు చెప్పేవి బూట్లు. ముందుగా పాదాలు, అరచేతులు పెరుగుతాయి, తర్వాత కాళ్ళు సాగుతాయి, నడుము పైభాగం ఆఖరున అందుకుంటుంది. ఏడాది తిరక్కుండా క్లీట్స్ (ఆటకి వేసుకునే ముళ్ళ బూట్లు) సైజు రెండుసార్లు మారిందా, ఇక గీతలు త్వరత్వరగా గీయాల్సి వస్తుంది. ఓపిక ఉంటే స్టూలు మీద కూర్చోబెట్టి కూడా కొలిచి, స్టూలు ఎత్తు తీసేసి రాసుకోండి. కాళ్ళు ఎంత పెరిగాయి, మొండెం ఎంత పెరిగిందన్నది విడివిడిగా తెలుస్తుంది. కాళ్ళు సాగి మొండెం ఇంకా అందుకోని నెలల్లోనే పిల్లాడు మౌండ్ మీద తూలిపోతున్నట్టు కనిపిస్తాడు.

చివరికి ఎంత ఎత్తు అవుతాడన్నది అందరికీ ఉండే ఆత్రుత. డాక్టర్లు వాడే మామూలు లెక్క ఒకటుంది. అబ్బాయికైతే తండ్రి ఎత్తు, తల్లి ఎత్తు కూడి, 13 సెంటీమీటర్లు కలిపి, రెండుతో భాగించాలి. మావారు 170, నేను 157. మొత్తం 340 అయింది, సగం 170. దానికి ఎనిమిదో తొమ్మిదో సెంటీమీటర్లు అటూ ఇటూ. ఇది అంచనాయే తప్ప జాతకం కాదు. ఎత్తు గురించి బెంగ ఉన్నవాళ్ళకి ఒక పేరు చెప్తాను. మేజర్ లీగ్ పిచ్చర్ పెడ్రో మార్టినెజ్ ఎత్తు అయిదడుగుల పదకొండు అంగుళాలు, పిచ్చర్లలో పొట్టివాడి కిందే లెక్క. ఏటా ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు మూడుసార్లు గెలిచాడు.

2. పుట్టిన నెల లెక్క చూసుకోండి

ఇది చిన్న పని. లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో ఆగస్టు 31 నాటికి ఎన్నేళ్ళు నిండాయో అదే ఆ సీజన్ వయసు. సెప్టెంబరులో పుట్టినవాడు తన వయసు గుంపులో అందరికంటే పెద్దవాడు, ఆగస్టులో పుట్టినవాడు అందరికంటే చిన్నవాడు. పన్నెండేళ్ళ పిల్లల మధ్య ఏడాది తేడా అంటే తక్కువేం కాదు. దానికి తోడు ఒకడి శరీరం త్వరగా ఎదిగేది, ఇంకొకడిది నిదానంగా ఎదిగేది అయితే, కాగితం మీద ఒకే వయసున్న ఇద్దరి ఎముకల వయసు మధ్య మూడు నాలుగేళ్ళ తేడా ఉండొచ్చు. మీ పిల్లాడి వేగాన్ని పక్కవాడితో పోల్చే ముందు ఈ రెండూ చూసుకోండి.

3. వేగం ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసుకోండి

బంతి చేత్తోనే విసురుతారు, నిజమే. కానీ బలం నేల నుంచి వస్తుంది. వెనక కాలు నేలని తోస్తుంది, ముందు కాలు దిగి గట్టిగా నిలబడుతుంది, తుంటి తిరుగుతుంది, ఆ తర్వాత మొండెం, భుజం, చివరికి చేయి. పెరట్లో బట్టలుతికే మనిషి తడి చీరని బండకేసి కొట్టడం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఊపు నడుము దగ్గర మొదలై చీర కొసకి వెళ్ళేసరికి ఛెళ్ళుమంటుంది.

అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడి గ్లెన్ ఫ్లైసిగ్ బృందం 1999లో వేర్వేరు స్థాయుల పిచ్చర్లని ల్యాబ్‌లో కొలిచింది. చిన్నపిల్లల సగటు వేగం సెకనుకు 28 మీటర్లు, అంటే గంటకు 63 మైళ్ళు. హైస్కూల్ వాళ్ళది 74 మైళ్ళు, ప్రొఫెషనల్స్‌ది 83 మైళ్ళు. నాకు ముఖ్యమనిపించింది ఆ అంకెలు కావు. చక్కగా నేర్చుకున్న పిల్లాడి భంగిమకీ ప్రొఫెషనల్ భంగిమకీ పెద్ద తేడా కనిపించలేదు. తేడా అంతా శరీరం తిరిగే వేగంలోనూ, కీళ్ళ మీద పడే బలంలోనూ ఉంది. పద్ధతి చిన్నప్పుడే నేర్చుకోవచ్చు. ఆ పద్ధతిలో నింపాల్సిన బలం ఎత్తు, బరువు, కండతో పాటు తర్వాత వస్తుంది. పదకొండేళ్ళవాడి దగ్గర దాన్ని బలవంతంగా పిండితే వచ్చేది వేగం కాదు.

దూరం కూడా గుర్తుంచుకోండి. పన్నెండేళ్ళ లోపు మామూలు లిటిల్ లీగ్ మైదానంలో పిచింగ్ దూరం 46 అడుగులు. పెద్దవాళ్ళది 60 అడుగుల 6 అంగుళాలు. 46 అడుగుల నుంచి 60 మైళ్ళ బంతి వచ్చిందంటే బ్యాటర్‌కి దొరికే సమయం, పెద్ద మైదానంలో 79 మైళ్ళ బంతికి దొరికే సమయంతో సమానం. చిన్న మైదానంలో 70 మైళ్ళు వేసేవాడు 92 మైళ్ళ పిచ్చర్‌లా కనిపించేది అందుకే. అది చూసి అతని అమ్మానాన్నలూ కోచ్‌లూ మురిసిపోయి ప్రతి గేమ్‌లోనూ అతణ్ణే దించుతారు. నిజం చెప్పాలంటే నాకు చిన్నగా ఉన్న పిల్లల కంటే, త్వరగా ఎదిగిన ఆ పెద్ద కుర్రాళ్ళ గురించే ఎక్కువ భయం. మా లీగ్‌లో పన్నెండేళ్ళప్పుడు అందరూ నోరెళ్ళబెట్టి చూసిన పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు బంతి పట్టుకోవడం లేదు.

4. క్యాలెండర్ మీద పిచ్‌లు రాయండి

చేయాల్సిన పనుల్లో ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకోండి.

మా వంటింట్లో ఇండియన్ స్టోర్ వాళ్ళు ఊరికే ఇచ్చే తెలుగు క్యాలెండర్ ఉంటుంది. ఒక్కో గడిలో తిథి, నక్షత్రం, రాహుకాలం. వాటి కింద ఆ రోజు మావాడు విసిరిన బంతుల (పిచ్‌ల) లెక్క ఎర్ర పెన్నుతో 62 అనో 38 అనో రాస్తాను. తర్వాత ఎన్ని రోజులు విశ్రాంతో అన్ని గడుల్లో అడ్డంగా గీత కొడతాను. గీత కొట్టిన రోజున మావాడు పిచ్ చేయడు. వాడితో గానీ కోచ్‌తో గానీ ఇక వాదన ఉండదు.

లిటిల్ లీగ్ నియమాల్లో రోజుకి ఎన్ని పిచ్‌లన్నది వయసుని బట్టి ఉంటుంది. 7, 8 ఏళ్ళకి 50. 9, 10 ఏళ్ళకి 75. 11, 12 ఏళ్ళకి 85. 13 నుంచి 16 వరకు 95. పద్నాలుగేళ్ళూ అంతకు లోపూ ఉన్నవాళ్ళకి విశ్రాంతి లెక్క ఇలా: 20 దాకా వేస్తే విశ్రాంతి అక్కర్లేదు, 21 నుంచి 35 అయితే ఒక రోజు, 36 నుంచి 50 అయితే రెండు రోజులు, 51 నుంచి 65 అయితే మూడు, 66 గానీ అంతకు మించి గానీ అయితే నాలుగు. శనివారం 62 పిచ్‌లు వేశాడంటే ఆది, సోమ, మంగళ మూడూ విశ్రాంతి, మళ్ళీ మౌండ్ ఎక్కేది బుధవారం.

చేత్తో నొక్కే క్లిక్కర్ ఒకటి కొనుక్కోండి. స్కోర్‌బుక్ రాసేవాళ్ళ లెక్క వేరు, మన లెక్క వేరు. వాళ్ళు గేమ్‌లో వేసిన పిచ్‌లే రాస్తారు. గేమ్ ముందు వేసిన వార్మప్, ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ (అవతలి జట్టులో ముగ్గురు అవుటయ్యే దాకా సాగే వంతు) మధ్య వేసినవి, మంగళవారం కోచ్ దగ్గర ప్రైవేట్ లెసన్‌లో వేసినవి ఎవరి పుస్తకంలోనూ ఉండవు. చేయి మాత్రం అన్నిటినీ లెక్కపెట్టుకుంటుంది. గేమ్‌లో వేసినవి ఎర్ర పెన్నుతో, మిగతావి నీలం పెన్నుతో రాయండి. నెల తిరిగేసరికి నీలం అంకెలు చూసి మీరే ఆశ్చర్యపోతారు.

రెండు జట్లలో ఆడే పిల్లలకి ఈ క్యాలెండర్ మరీ అవసరం. లీగ్ కోచ్‌కి, ఊళ్ళు తిరిగి టోర్నమెంట్లు ఆడే ట్రావెల్ జట్టులో ఏం జరిగిందో తెలియదు, అక్కడివాళ్ళకి ఇక్కడిది తెలియదు. రెండూ తెలిసింది ఇంట్లోవాళ్ళకే. కొన్ని టోర్నమెంట్లలో పిచ్‌ల బదులు ఇన్నింగ్స్ లెక్కలోకి తీసుకుంటారు. ఒక్క ఇన్నింగ్స్‌లో పది పిచ్‌లూ పడొచ్చు, ముప్ఫై అయిదూ పడొచ్చు.

మన ఇళ్ళలో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఇంకొకటుంది. ఆదివారం క్రికెట్ అకాడమీకి వెళ్ళే పిల్లలు చాలామంది ఉన్నారు. బౌలింగ్‌లో మోచేయి కదలిక వేరే రకం, కానీ భుజం అదే భుజం. బౌండరీ దగ్గర నుంచి వికెట్ కీపర్‌కి విసిరే త్రో అయితే పూర్తిగా బేస్‌బాల్ త్రోయే, పైగా క్రికెట్ బంతి కొంచెం బరువెక్కువ. అవన్నీ కూడా నీలం పెన్నులోకి రావాలి.

క్యాచర్‌గా కూడా ఆడేవాడైతే ఈ నియమం తెలిసుండాలి. ఒక రోజు 41 లేదా అంతకంటే ఎక్కువ పిచ్‌లు వేసినవాడు ఆ రోజు మళ్ళీ క్యాచర్‌గా కూర్చోకూడదు. నాలుగు ఇన్నింగ్స్‌లు క్యాచింగ్ చేసినవాడు ఆ రోజు పిచ్ చేయకూడదు. క్యాచర్ ప్రతి బంతినీ తిరిగి విసరాల్సిందే కదా.

5. ఏడాదిలో నాలుగు నెలలు చేతికి సెలవివ్వండి

మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పిచ్ స్మార్ట్ అనే మార్గదర్శకాలు తెచ్చాయి. తొమ్మిది నుంచి పన్నెండేళ్ళవాళ్ళు ఏడాదిలో 80 ఇన్నింగ్స్ దాటకూడదు, పదమూడు, పద్నాలుగేళ్ళవాళ్ళు 100 దాటకూడదు. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడం మానాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా ఉండాలి. ఫ్లైసిగ్ బృందం 9 నుంచి 14 ఏళ్ళ పిచ్చర్లని పదేళ్ళపాటు గమనించి 2011లో ఫలితాలు రాసింది. ఏడాదికి 100 ఇన్నింగ్స్ దాటినవాళ్ళకి తీవ్రమైన గాయాలయ్యే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది.

న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో ఉన్నవాళ్ళకి మంచే సెలవిస్తుంది. టెక్సస్‌లో, ఫ్లోరిడాలో, కాలిఫోర్నియాలో అలా కుదరదు. ఎండ పోదు, టోర్నమెంట్లు ఆగవు. సెలవు మనమే రాసి పెట్టుకోవాలి. మేము నవంబరు, డిసెంబరు, జనవరి గడులన్నిటికీ అడ్డంగా ఒకే పొడుగు గీత కొడతాం. ఆ నెలల్లో బాస్కెట్‌బాల్, సాకర్, పరుగు ఏదైనా సరే. మావాడికి మొదటి వారం తిక్కతిక్కగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటాడు. నాలుగో నెల వేసవి మధ్యలో వస్తుంది, ఇండియా వెళ్ళే టికెట్లు ఎలాగూ అప్పుడే కొంటాం.

6. గీత పైకి పరిగెడుతున్న నెలల్లో తగ్గించండి

ఇక్కడ మేము తప్పు చేశాం.

పదమూడేళ్ళ వేసవిలో మావాడు వెదురు బొంగులా సాగాడు. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ "వీడేంటే ఇలా సన్నబడిపోయాడు, తిండి పెట్టట్లేదా" అని నన్ను కోప్పడింది. సన్నబడలేదు, పొడుగయ్యాడు. అదే వేసవిలో బంతి వేగం నాలుగు మైళ్ళు పెరిగింది. ఇన్నేళ్ళూ చిన్నవాడని పక్కన పెట్టిన పిల్లాణ్ణి ఇప్పుడు కోచ్ పేరు పెట్టి పిలుస్తుంటే మా ఇద్దరికీ కాళ్ళు నేల మీద ఆగలేదు. ఆ ఆకురాలే కాలంలో రెండు జట్లలో ఆడించాం. అప్పుడే పెద్ద మైదానంలోకి కూడా మారాడు. ఒక టోర్నమెంట్ ఆఖరి గేమ్‌లో అలసిపోయాడని కనిపిస్తూనే ఉంది, కోచ్ ఇంకో ఇన్నింగ్స్ అన్నాడు, మేము నోరు మెదపలేదు.

తర్వాత మంగళవారం పొద్దున్న బాత్రూమ్ తలుపు తీసే ఉంది. వాడు ఎడమ చేత్తో పళ్ళు తోముకుంటున్నాడు. వాడిది కుడిచేతి వాటం. "ఏంట్రా అది?" అంటే "ఏం లేదమ్మా" అన్నాడు. కుడి చేయి పట్టుకుని మోచేయి లోపలి వైపు పొడుచుకొచ్చే ఎముక మీద బొటనవేలు ఆనించాను. నొక్కను కూడా నొక్కలేదు, చేయి లాగేసుకున్నాడు.

డాక్టర్ రెండు మోచేతులకీ ఎక్స్‌రే తీయించి పక్కపక్కన పెట్టి చూపించారు. ఎదిగే పిల్లల ఎముక కొసల్లో గ్రోత్ ప్లేట్ ఉంటుంది. అది ఇంకా ముదరని మెత్తటి పొర, కొత్త ఎముక తయారయ్యేది అక్కడే. బంతి విసిరిన ప్రతిసారీ మోచేయి లోపలి వైపు బలంగా లాగబడుతుంది. పెద్దవాళ్ళలో ఆ లాగుడికి తెగేది లిగమెంట్, ఎముకల్ని కలిపి పట్టుకునే నార. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ డాడ్జర్స్ అనే మేజర్ లీగ్ జట్టు పిచ్చర్ టామీ జాన్‌కి చేసిన ఆపరేషన్ దానికే. పిల్లల్లో లిగమెంట్ కంటే గ్రోత్ ప్లేట్ బలహీనం, అందుకే ముందు అది విచ్చుకుంటుంది. ఎక్స్‌రేలో మావాడి కుడి మోచేతి దగ్గర ఆ సందు ఎడమ దానికంటే వెడల్పుగా ఉంది. లిటిల్ లీగ్ ఎల్బో అంటారు దీన్ని. ఆరు వారాలు బంతి ముట్టుకోలేదు, ఆ తర్వాత 45 అడుగుల దూరం నుంచి మెల్లగా విసరడం మొదలుపెట్టి, మౌండ్ దాకా వచ్చేసరికి ఇంకో ఆరు వారాలు పట్టింది. పూర్తిగా తగ్గింది. సమయానికి ఆపకపోతే ఆ ఎముక ముక్క విడిపోయేదని డాక్టర్ చెప్పిన మాట ఇంకా చెవుల్లో ఉంది.

ఆ ఊపు నెలల్లో ఏం జరుగుతుందంటే, ఎముక ముందు సాగుతుంది, కండరం తర్వాత అందుకుంటుంది. చేయి పొడుగైంది కాబట్టి వేగం కొంత ఊరికే వస్తుంది. ఆ వేగాన్ని ఆపే కండ మాత్రం ఇంకా రాలేదు. పాత పొడవుకి అలవాటుపడిన మెదడు కొత్త చేతిని ఎక్కడ వదలాలో తడుముకుంటుంది. నిన్నటి దాకా స్ట్రైక్‌లు (గురి తప్పని బంతులు) వేసినవాడు వరసగా నలుగురిని నడిపిస్తాడు, అంటే గురి తప్పిన బంతులతో బ్యాటర్లకి ఊరికే బేస్ ఇచ్చేస్తాడు. ఏకాగ్రత లేదని తిట్టకండి, శరీరం కొత్తది.

ఆ నెలల్లో ఇలా చేయండి. గేమ్‌కి నియమం చెప్పే గరిష్ఠ పిచ్‌ల సంఖ్యలో మూడింట రెండు వంతులకి మించకుండా కోచ్‌తో మాట్లాడుకోండి. ఇది మా ఇంటి లెక్క, నియమ పుస్తకంలో ఉన్నది కాదు. ఒకే జట్టు. దారి వంగే బంతులు, అంటే కర్వ్‌బాల్, స్లైడర్ నేర్పించే లెసన్లు వాయిదా వేయండి, నేరుగా వేగంగా వెళ్ళే ఫాస్ట్‌బాల్, నెమ్మదిగా వెళ్ళే చేంజప్ చాలు. విసిరే పద్ధతిలో పెద్ద మార్పులు చేయనివ్వకండి. ముందు పాదం క్యాచర్ వైపు దిగుతోందా, ఆ పాదం నేల తాకే సమయానికి మోచేయి భుజం ఎత్తుకి వచ్చిందా, ఈ రెండే ఫోన్‌లో స్లో మోషన్‌లో చూసుకోండి.

వారానికి రెండుసార్లు చేయి తడిమి చూడండి. "నొప్పిగా ఉందా" అని అడిగితే ఏ పిల్లాడూ అవునని చెప్పడు, చెప్తే కూర్చోబెడతారని వాడికి తెలుసు. అడక్కుండా చూడాలి. రెండు మోచేతులూ పూర్తిగా చాచమనండి, ఒకటి తిన్నగా రాకపోతే అది గుర్తు. మోచేయి లోపలి ఎముక మీదా, భుజం పైన ముందు వైపూ మెల్లగా నొక్కండి. బ్యాగ్ ఏ భుజానికి వేసుకుంటున్నాడో, కంచంలో అన్నం కలిపేటప్పుడు మణికట్టు ఎలా తిప్పుతున్నాడో గమనించండి. మడమ నొప్పి, మోకాలి కింద బుడిపె నొప్పి కూడా ఈ ఎదుగుదల వయసులో వచ్చేవే. మడమ నొప్పితో కుంటుకుంటూ ముందు కాలు సరిగ్గా దించలేనివాడు ఆ లోటు చేత్తో పూడ్చుకుంటాడు.

అలసటని నొప్పి కంటే తక్కువగా చూడకండి. ఆపరేషన్ దాకా వెళ్ళిన కుర్రాళ్ళనీ గాయపడని కుర్రాళ్ళనీ పోల్చి 2006లో వెలువడిన అధ్యయనం ఒకటుంది. చేయి అలసిపోయినా తరచూ పిచింగ్ చేసినవాళ్ళకి ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 36 రెట్లు ఎక్కువని అందులో లెక్క తేలింది. ఏడాదిలో ఎనిమిది నెలలకి మించి పోటీల్లో పిచింగ్ చేసినవాళ్ళకి అయిదు రెట్లు. మోచేయి కిందికి జారుతుంటే, బంతులన్నీ పైపైకి వెళ్తుంటే, పిచ్‌కీ పిచ్‌కీ మధ్య ఎక్కువ సేపు తీసుకుంటుంటే వాడు అలసిపోయినట్టే, క్లిక్కర్ మీద ఎంత ఉన్నా సరే.

7. కోచ్‌కి చెప్పాల్సింది సీజన్ మొదట్లోనే చెప్పండి

మనలో చాలామందికి ఇది కష్టం. కోచ్ అంటే గురువు, గురువుకి ఎదురు చెప్పకూడదని పెరిగాం. పైగా ఆట మనది కాదన్న బెరుకు. కానీ చాలామంది లీగ్ కోచ్‌లు మనలాంటి తల్లిదండ్రులే, ఊరికే వచ్చి సాయం చేసేవాళ్ళే. మర్యాదగా ముందే చెప్తే కోపం రాదు. నేను సీజన్ మొదటి వారంలో మెసేజ్ పెడతాను: మావాడు ఈ మూడు నెలల్లో ఇంత పెరిగాడు, ఈసారి గేమ్‌కి 60 దాటకుండా చూడండి, గేమ్ బయట వేసినవి నేను ప్రతి ఆదివారం మీకు పంపుతాను. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. కాదన్న కోచ్ దొరికితే జట్టు మారండి.

8. బలం పెంచండి, బరువు బంతులు వద్దు

పిల్లలు బరువులెత్తితే పొట్టిగా ఉండిపోతారన్నది మన ఇళ్ళలో గట్టిగా పాతుకుపోయిన మాట. తెలిసినవాళ్ళు దగ్గరుండి సరైన పద్ధతిలో చేయిస్తే పిల్లలకి బలం పెంచే వ్యాయామం మంచిదేనని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్తోంది. జిమ్ అక్కర్లేదు. గుంజీళ్ళు, ఒక కాలు ముందుకు వేసి మోకాళ్ళు వంచడం (లంజెస్), మోచేతుల మీద ఒళ్ళు తిన్నగా ఆపడం (ప్లాంక్), దండీలు, తలుపు గడియకి కట్టిన రబ్బరు బ్యాండ్ వెనక్కి లాగడం. వారానికి రెండు మూడు సార్లు, రోజు మార్చి రోజు. ఎక్కువ శ్రద్ధ తొడలు, పిరుదులు, నడుము మీద పెట్టండి. ఒంటికాలి మీద అద్దం ముందు నిలబడి మెల్లగా సగం గుంజీ తీయమనండి. మోకాలు లోపలికి ఒరిగిపోతుంటే మౌండ్ మీద కూడా అదే జరుగుతోంది.

వేగం పెంచుతామని బరువైన బంతులతో శిక్షణ ఇచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. 2018లో హైస్కూల్ వయసు పిచ్చర్ల మీద ఆరు వారాల ప్రయోగం చేశారు. బరువు బంతులు విసిరినవాళ్ళ వేగం సగటున 3.3 శాతం పెరిగింది. వాళ్ళలోనే 24 శాతం మందికి గాయాలయ్యాయి, విసరనివాళ్ళలో ఒక్కరికీ కాలేదు. గ్రోత్ ప్లేట్లు ఇంకా మూసుకోని పిల్లాడికి ఈ బేరం ఏ రకంగానూ గిట్టదు.

9. తిండి, నిద్ర

ఊపు నెలల్లో పిల్లాడు గంటకోసారి ఫ్రిజ్ తీస్తాడు, తీయనివ్వండి. శాకాహారుల ఇళ్ళలో మాంసకృత్తులు చాలినంత అందుతున్నాయో లేదో చూసుకోవాలి. పొద్దున్న ఇడ్లీ బదులు పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, స్కూల్ నుంచి రాగానే పనీర్ పెట్టి రోటీ, రాత్రి పెరుగు. గుడ్డు తినేవాళ్ళకి ఇంకా తేలిక. గ్రౌండ్‌కి మేము పెరుగన్నం డబ్బా, అరటిపండ్లు, పల్లీ చిక్కీ తీసుకెళ్తాం. జట్టులో మిగతా పిల్లలు చిక్కీకి అలవాటుపడి ఇప్పుడు వాళ్ళే అడుగుతున్నారు. ఏడాదికోసారి చెకప్‌లో విటమిన్ డి, ఐరన్ చూడమని డాక్టర్‌ని అడగండి. డబ్బాల్లో అమ్మే కండ పెంచే పొడుల జోలికి పోవద్దు.

పదమూడు దాటినవాళ్ళకి రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, అంతకంటే చిన్నవాళ్ళకి 9 నుంచి 12. కుమాన్, మ్యాథ్ ఒలింపియాడ్, తబలా, రెండు జట్ల ప్రాక్టీసు, ఇవన్నీ పెట్టి ఎనిమిది గంటల నిద్ర ఎక్కణ్ణుంచి తేగలం? ఏదో ఒకటి తీసేయండి. మేము రెండో జట్టు తీసేశాం.

10. రాడార్ గన్ ఎప్పుడు తీయాలి

గీత పరిగెడుతున్నంత కాలం రాడార్‌ని అలమరలోనే ఉంచండి. తెర మీద అంకె కనపడితే పిల్లాడు ప్రతి బంతీ ప్రాణం పెట్టి విసురుతాడు, పెద్దవాళ్ళం కూడా నోటితో కాకపోయినా కళ్ళతో ఇంకొంచెం అంటాం. మూడు నెలల్లో గీత సెంటీమీటరు కూడా కదలకపోతే ఊపు తగ్గిందని అర్థం. ఎత్తు ఆగాక బరువు, కండ రావడానికి ఇంకో ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. నిలిచే వేగం వచ్చేది అప్పుడు.

కొలిచేటప్పుడు రెండు నెలలకోసారి, విశ్రాంతి గీత లేని రోజున, చేయి పూర్తిగా వేడెక్కాక, ఒకే మౌండ్ మీద, ఒకే చోట రాడార్ పెట్టి పది ఫాస్ట్‌బాల్స్ కొలవండి. అన్నిటికంటే పెద్ద అంకె కాదు, పదింటి సగటు రాసుకోండి. పక్కనే ఆ నెల ఎత్తు, బరువు, పదింటిలో ఎన్ని స్ట్రైక్‌లో కూడా రాయండి. ఎత్తు, బరువు కదలకుండా వేగం ఒక్కసారిగా ఎగిరితే సంతోషించే ముందు విసిరే పద్ధతిలో ఏం మారిందో వీడియో చూడండి. వేగం పడిపోతే క్యాలెండర్‌లో ముందు నెల నీలం అంకెలు చూడండి.

మా ప్యాంట్రీ చట్రం మీద ఆఖరి గీత 171 దగ్గర ఉంది. దాని కింద జనవరి గీత ఉంది, రెండిటి మధ్య పెన్సిలు మొన పట్టేంత సందు కూడా లేదు. పోయిన శనివారం రాత్రి మావాడే అలమర పై అర నుంచి రాడార్ తీసి, దుమ్ము తుడిచి, ఛార్జింగ్‌లో పెట్టాడు.